గోడ దాటొచ్చిన కాక్

సాయంత్రం ఐదున్నరకు మా కరివేపాకు చెట్టులో ఏదో పడ్డ చప్పుడైంది. పిట్టేమో అనుకుని వెళ్లి చూస్తే షటిల్ కాక్. చేతిలోకి తీసుకున్నాను. పదహారు ఈకల్లో రెండు విరిగి వేలాడుతున్నాయి, ఒకటి సగం దాకా చీలింది. అడుగున బిరడా మీద రాకెట్ తీగల గుర్తులు గళ్లు గళ్లుగా పడ్డాయి. ఎవరో గట్టిగానే కొట్టారు.

"తమ్మీ, గా కాక్ మీ దిక్కే పడ్డదా?"

పిట్టగోడ మీద అన్న తల కనబడింది. వెనకాల రాకెట్ పట్టుకుని ఆయన మనవరాలు. ఎనిమిదో తరగతి.

అన్న తెల్లాపూర్‌లో పుట్టి పెరిగిన మనిషి. మాది బాపట్ల వైపు. 2006లో ఉద్యోగానికొచ్చి, ఆరేళ్ల తర్వాత ఇక్కడ ఇల్లు కట్టుకున్నాను. మా రెండిళ్లకూ మధ్య ఛాతీ ఎత్తు గోడ. చుట్టూ తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టేంత టవర్లు లేచాయి గానీ, మా వీధిలో కూరగిన్నెలు మాత్రం ఇప్పటికీ గోడ మీద నుంచే అటూ ఇటూ తిరుగుతాయి. ఆ పూట కాక్ ఇచ్చి లోపలికి వచ్చేద్దామనుకున్నవాణ్ణి, దీపాలు పెట్టేదాకా గోడ దగ్గరే నిలబడిపోయాను. ఆ కబుర్లే ఇవి.

"ఐతారం దీనికి మ్యాచ్ ఉన్నది తమ్మీ. గచ్చిబౌలి ఇండోర్ల" అన్నాడు అన్న, మనవరాలి తల మీద చెయ్యేసి. కాస్త ఆగి, "గా స్టేడియంకు మొరం తోలినోళ్లల్ల నేనొకన్ని. ఎరికేనా?" అన్నాడు.

నాకు తెలియదు. ఇన్నేళ్లుగా పక్కపక్కనే ఉంటున్నాం, ఈ ముచ్చట ఎప్పుడూ రాలేదు.

అన్నకు అప్పట్లో సొంత ట్రాక్టర్ ఉండేది. స్టేడియం పని మొదలైందని తెలిసి, ఊళ్లో నలుగురు ట్రాక్టర్ల వాళ్లతో కలిసి వెళ్లాడు. "నల్లగండ్ల దాటితే యూనివర్సిటీ గోడ, తుమ్మచెట్లు, బండలు. మనిషి కనబడకపోతుండె. గసుంటి జాగల లైట్లు పెట్టి రాత్రి గూడ పని జేపిచ్చిండ్రు. సీఎం వస్తుండు, సీఎం వస్తుండు అని ఒక్కటే ఉరుకులాట. టైరు పంచరైతే నిలబడి తిట్టెటోళ్లు" అన్నాడు. చెబుతున్నప్పుడు ఆయన రెండు చేతులూ స్టీరింగ్ పట్టుకున్నట్టే కదిలాయి.

ఆ ఉరుకులాట దేనికో గుర్తున్నవాళ్లు మనలో ఇంకా చాలామంది ఉన్నారు. 2002 డిసెంబరులో హైదరాబాద్‌లో జాతీయ క్రీడలు. మరుసటి ఏడాది అక్టోబరు 24 నుంచి నవంబరు 1 దాకా ఆఫ్రో-ఏషియన్ క్రీడలు. రెండు ఖండాల ఆటగాళ్లను ఒకచోట చేర్చే ఈ పోటీ నిజానికి 2001లో ఢిల్లీలో జరగాలి. వాయిదా పడి, చివరికి మన దగ్గరకొచ్చింది. తీసుకొచ్చింది అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు, 2000లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్‌ను పిలిచారు. ఆ వరసలోదే ఈ ఆటల పండగ కూడా. ప్రపంచం నుంచి కంపెనీలు రావాలంటే ముందు కెమెరాలు రావాలన్నది ఆయన లెక్క. ఆటలకు మూడు వారాల ముందు, అక్టోబరు 1న, అలిపిరిలో ఆయన కారు కింద మందుపాతరలు పేలాయి. ప్రాణాలతో బయటపడ్డారు, ఆటలూ ఆగలేదు. ముగిసిన రెండు వారాలకే శాసనసభ రద్దయింది. 2004లో ఆయన ఓడిపోయారు. ఆఫ్రో-ఏషియన్ క్రీడలు 2007లో అల్జీర్స్‌లో జరగాల్సింది, జరగలేదు. అంటే ఆ పోటీ ప్రపంచంలో జరిగింది ఒక్కసారే. అది మన హైదరాబాద్‌లోనే.

రాజకీయం కోసం కట్టిందే కదా అని ఆ స్టేడియాన్ని తీసిపారేయబుద్ధి కాదు నాకు. ఆ తొమ్మిది రోజుల్లో సానియా మీర్జా నాలుగు బంగారు పతకాలు గెలిచింది. అప్పటికి ఇంకా పదహారేళ్ల పిల్ల. గగన్ నారంగ్ ఎయిర్ రైఫిల్‌లో బంగారం కొట్టాడు. తొమ్మిదేళ్ల తర్వాత లండన్ ఒలింపిక్స్‌లో కంచు తెచ్చిన గగన్ అతనే. హాకీ ఫైనల్లో మనవాళ్లు పాకిస్తాన్‌ను 3-1తో ఓడించారు. ఓట్ల లెక్క ఒకలా తేలింది, ఆటల లెక్క ఇంకోలా తేలింది.

స్టేడియానికి పెట్టిన పేరు కూడా మంచి పేరు. జీఎంసీ బాలయోగి. కోనసీమ నుంచి వెళ్లి లోక్‌సభ స్పీకర్ కుర్చీలో కూర్చున్న తొలి దళితుడు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి చనిపోయారు. స్టేడియంలోకి రోజూ వెళ్లే పిల్లల్లో ఆ పేరు ఎవరిదో చెప్పగలిగేవాళ్లు ఎంతమంది? అన్న మనవరాలిని అడిగాను. "యోగా సారా అంకుల్?" అంది. తప్పు పిల్లది కాదు, గేటు దగ్గర నాలుగు వాక్యాల పలక పెట్టని మనది.

ఇక్కడే అన్న ఒక మాటన్నాడు. "స్టేడియం సరే తమ్మీ. గా కంచ సంగతేంది? అదిగూడ ఆటలకే అన్నరు గద?"

నిజమే. ఆటల పేరు చెప్పి మన పక్కనే జరిగిన పెద్ద కథ అది. 2003లో ప్రభుత్వం ఐఎంజీ భారత అనే సంస్థతో ఒప్పందం చేసుకుంది. క్రీడా అకాడమీలు కడతారు, ఒలింపిక్స్ స్థాయి వసతులొస్తాయి అన్నారు. 2004 జనవరి 13న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు ఆ సంస్థకు కేటాయించారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి ఆనుకుని ఉన్న భూమి, గోపన్‌పల్లి మీదుగా వెళ్తే మనకు కూతవేటు. అక్కడ ఒక్క గోల్‌పోస్ట్ కూడా పాతలేదు. పని మొదలే కాలేదని 2006 నవంబరులో తర్వాతి ప్రభుత్వం కేటాయింపు రద్దు చేసింది. కోర్టుకెక్కారు. హైకోర్టు తీర్పు వచ్చేసరికి 2024 మార్చి 7. అంటే పదిహేడేళ్లు దాటిన వ్యాజ్యం. ప్రభుత్వం గెలిచింది, ఆ భూమిని పరిశ్రమల మౌలిక వసతుల సంస్థకు అప్పగించింది. 2025 మార్చి నెలాఖరున జేసీబీలు దిగాయి, విద్యార్థులు అడ్డం నిలబడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపింది. ఆ నాలుగు రోజులూ దేశమంతా మాట్లాడుకున్నది చెట్ల గురించి, జింకల గురించి. సరిగ్గానే మాట్లాడుకుంది. కానీ ఆ నేల మొదట చేతులు మారింది ఆటల పేరు మీద అన్న సంగతి పెద్దగా ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఇప్పుడు దీని పక్కన ఇంకో లెక్క పెట్టి చూడండి. అదే 2003, అదే ప్రభుత్వం, అదే గచ్చిబౌలి. పుల్లెల గోపీచంద్‌కు అకాడమీ కోసం ఇచ్చింది 5 ఎకరాలు.

గోపీచంద్ 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ప్రకాశ్ పదుకొణె తర్వాత ఇరవై ఒక్క ఏళ్లకు. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన కుర్రాడు, మోకాలికి శస్త్రచికిత్సలయ్యాక గెలిచినవాడు. శీతల పానీయం ప్రకటన చేయమని కంపెనీ వచ్చింది. నేను తాగనిది పిల్లల్ని తాగమని ఎలా చెబుతాను అని వద్దన్నాడు. అప్పటికి ఆయన దగ్గర డబ్బుందని కాదు. తర్వాత అకాడమీ కట్టడానికి సొంతిల్లు తాకట్టు పెట్టాల్సి వచ్చింది. ఎక్కే గుమ్మం, దిగే గుమ్మం అయ్యాక పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్లు ఇచ్చారు, ఒలింపిక్ పతకం తేవాలి అన్న ఒక్క కోరికతో. 2008లో అకాడమీ తలుపులు తెరుచుకున్నాయి. 2012లో సైనాకు కంచు. 2016లో సింధుకు వెండి.

400 ఎకరాల్లో ఒక్క బంతి ఎగరలేదు. 5 ఎకరాల్లోంచి రెండు ఒలింపిక్ పతకాలొచ్చాయి. ఈ రెండు అంకెలూ నేను అన్నకు చెప్పినప్పుడు ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "జాగ గాదు తమ్మీ, మనిషి గావాలె" అన్నాడు.

ఇండోర్ స్టేడియానిది ఇంకో కథ. 2009 ఆగస్టులో ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ మన గచ్చిబౌలి ఇండోర్‌లోనే జరిగింది. చైనా ఆటగాడు లిన్ డాన్ వచ్చాడు, గెలిచాడు. ఇంగ్లండ్ జట్టు మాత్రం హైదరాబాద్ దాకా వచ్చి, ఉగ్రవాదుల ముప్పు ఉందని పోటీ మొదలయ్యే ముందు రోజు వెనుదిరిగి వెళ్లిపోయింది. ముంబై దాడులై అప్పటికి తొమ్మిది నెలలు, లాహోర్‌లో శ్రీలంక క్రికెటర్ల బస్సు మీద కాల్పులై ఐదు నెలలు. భయపడ్డారని తప్పు పట్టలేను. కానీ మిగతా దేశాల వాళ్లు దాదాపు అందరూ ఉండి ఆడారు. ఏ గొడవా జరగలేదు. ఆ వారంలోనే సైనా క్వార్టర్ ఫైనల్ చేరింది. ఆ పోటీల్లో అంతదూరం వెళ్లిన తొలి భారత మహిళ ఆమే. అదే హాల్లో సింధు టోక్యో ఒలింపిక్స్‌కు ముందు నెలల తరబడి సాధన చేసింది. పెద్ద హాలు, ఏసీ గాలికి కాక్ పక్కకు పోతుంది, టోక్యోలోనూ అలాగే ఉంటుందని. 2021 ఆగస్టు 1న కంచు గెలిచింది. అన్న తోలిన మొరం మీదే ఆ కంచు నిలబడిందని నేనంటే, ఆయన కళ్లు తడిశాయి.

2016 ఆగస్టులో రియో నుంచి సింధు వచ్చిన రోజు మీకు గుర్తుందా? విమానాశ్రయం నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా పైకప్పు లేని బస్సు. నేను ఆఫీసు మానేసి రోడ్డు పక్కన నిలబడ్డాను. అప్పటికి రాష్ట్రాలు రెండై రెండేళ్లు. తెలంగాణ 5 కోట్లు అంది, ఆంధ్రప్రదేశ్ 3 కోట్లు అంది. ఇటు ఇంటి జాగా, అటు ఇంటి జాగా. మరుసటి ఏడాది ఆంధ్ర డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. పిల్ల మాదంటే మాదని రెండు ప్రభుత్వాలూ లాక్కున్నాయి. అది ముచ్చటే. మనసు విరిచింది మాత్రం మనవాళ్లు ఆ రోజుల్లో గూగుల్‌లో వెతికిన మాట. సింధు కులమేంటి అని. పతకం మెడలో పడకముందే కులం వెతికారు. ఇది మన ఇంటి మురికి, రాజకీయ నాయకుల మీదకు తోసేయడానికి వీల్లేదు.

ఇక డబ్బు విషయానికొద్దాం. ఆ రియో ఫైనల్లో సింధును ఓడించింది స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్. ఆ రాత్రి మా వీధిలో ఆమెను తిట్టని నోరు లేదు. పాయింటు గెలిచిన ప్రతిసారీ వేసే ఆ కేక వింటే మా ఆవిడ టీవీ గొంతు తగ్గించేది. పదిహేడు నెలలు తిరక్కుండానే, 2018 జనవరిలో, అదే మారిన్ హైదరాబాద్ హంటర్స్ చొక్కా వేసుకుని మన గచ్చిబౌలిలో ఆడింది, మన జట్టు ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్ కప్పు గెలిచింది. సంక్రాంతి రోజుల్లో ఫైనల్. మారిన్ కేకకు మన పిల్లలు ఈలలు వేశారు. సింధు అప్పుడు చెన్నై జట్టుకు ఆడేది! మరుసటి సీజన్‌కు సింధు హైదరాబాద్‌కొచ్చింది, మారిన్ పుణె జట్టుకు వెళ్లింది. ఆ పుణె జట్టు యజమాని ఎవరనుకున్నారు? మన ఝుమ్మంది నాదం తాప్సీ.

సినిమావాళ్లు ఈ ఆటలోకి రావడం అదే మొదలు కాదు. 2013లో ఇండియన్ బ్యాడ్మింటన్ లీగ్ పెట్టినప్పుడు ముంబై జట్టులో గవాస్కర్‌తో పాటు నాగార్జునకూ వాటా ఉంది. సైనా ఆడిన హైదరాబాద్ జట్టును సినిమా నిర్మాతలైన పీవీపీ వాళ్లు కొన్నారు, ఆ ఏడాది కప్పు గెలిచారు. 2016లో చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్, అకాడమీకి సాయం చేసిన ఆ నిమ్మగడ్డ ప్రసాదే, సచిన్‌తో కలిసి కేరళ ఫుట్‌బాల్ జట్టులో పెట్టుబడి పెట్టారు. మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఫైనల్లో ఓడించింది ఆ కేరళ జట్టునే. అంత గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఇప్పుడెక్కడుంది? 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. బ్యాడ్మింటన్ లీగ్ 2020 తర్వాత మళ్లీ జరగలేదు. డబ్బు పెట్టినవాళ్లను నేను తప్పు పట్టను, ఆటగాళ్లకు నాలుగు రాళ్లు వచ్చాయి. ఆ రెండు మూడేళ్లూ మన ఊరి పేరు పెట్టుకున్న జట్టును మనదనుకుని అరిచిన పిల్లల మాటేమిటి అన్నదే నా బాధ. అన్న మనవరాలి గదిలో హంటర్స్ పోస్టర్ ఇంకా ఉంది.

క్రికెట్ సంగతి చెప్పకపోతే గోడ కూడా ఒప్పుకోదు. 2009లో ఎన్నికలొచ్చాయని, భద్రత ఇవ్వలేమని ఐపీఎల్ మొత్తం దక్షిణాఫ్రికాకు తరలిపోయింది. అంతకుముందు ఏడాది అట్టడుగున ఉన్న డెక్కన్ చార్జర్స్, గిల్‌క్రిస్ట్ కెప్టెన్‌గా, జొహన్నెస్‌బర్గ్‌లో కప్పు ఎత్తింది. గెలిచిన జట్టును సొంతూళ్లో చూసుకుందామంటే 2010లో తెలంగాణ ఉద్యమం. హైదరాబాద్ మ్యాచ్‌లు నవీ ముంబైకీ, కటక్‌కీ, నాగపూర్‌కీ పోయాయి.

నేనప్పుడు మియాపూర్‌లో అద్దెకుండేవాణ్ణి. ఆఫీసులో అందరం కలిసి వెళ్దామని చీటీ కూడా కట్టుకున్నాం. ఆ సంగతి చెప్పి, "చాలా బాధపడ్డానన్నా" అన్నాను.

"గప్పుడు మేం రోడ్డు మీద వంటా వార్పు జేస్తున్నం తమ్మీ. ఆట మల్లొస్తది, రాష్ట్రం మల్లొస్తదా అనుకున్నం" అన్నాడు అన్న.

నేను జవాబు చెప్పలేదు. ఆయన మాట ఆయనకు ప్రాణం, నా బాధ నాకు నిజం. ఒకే ఊళ్లో, ఒకే ఏడాది, ఒకే ఆట మీద మేమిద్దరం చెరో పక్క ఉన్నాం. ఇప్పుడు ఇద్దరికీ ఒకటే గోడ. కాసేపాగి ఆయనే, "మీరు గూడ బాధపడ్డరని నాకేమెరుక" అన్నాడు. ఆ మాట నాకు చాలు.

ఆ జట్టు 2012లో రద్దయింది. చెన్నై సన్ టీవీ వాళ్లు ఏడాదికి 85 కోట్ల పైచిలుకు పాడి కొత్త జట్టు కొన్నారు. జెమినీ టీవీ ఎవరిదో, సన్‌రైజర్స్ వాళ్లదే. ఇప్పుడు ఆ సన్‌రైజర్స్ పేరు దక్షిణాఫ్రికాలోనూ ఉంది, ఇంగ్లండ్‌లో లీడ్స్‌లోనూ ఉంది. ఒక ఊరి జట్టు పేరు ఇలా మూడు ఖండాల్లో కొట్టు బోర్డులా వేలాడటం మన చిన్నప్పుడు ఊహించామా?

ఆ జట్టు వల్ల మనకు దక్కిన మనిషి డేవిడ్ వార్నర్. 2016లో కప్పు తెచ్చాడు. అంతకంటే జనం గుండెల్లోకి వెళ్లింది 2020 లాక్‌డౌన్‌లో. ఆస్ట్రేలియాలో తన ఇంట్లో, భార్యతో కలిసి బుట్టబొమ్మ పాటకు స్టెప్పులేసి టిక్‌టాక్‌లో పెట్టాడు. అందరం ఇళ్లలో బిక్కుబిక్కుమంటున్న రోజులు. మా గోడకు అటూ ఇటూ ఫోన్లు పట్టుకుని ఎన్నిసార్లు చూశామో. మరుసటి ఏడాది సీజన్ మధ్యలోనే కెప్టెన్సీ తీసేశారు, ఆ తర్వాత జట్టులోనే లేడు. కానీ ఆయన తెలుగు పాటలు మానలేదు. పుష్ప వచ్చాక గడ్డం కింద చెయ్యి పెట్టి తగ్గేదేలే అన్నాడు. రవీంద్ర జడేజా అయితే భారత జట్టు చొక్కాలోనే, వికెట్ తీసి మరీ అదే చేశాడు. 2025 మార్చిలో వార్నర్ రాబిన్‌హుడ్ అనే తెలుగు సినిమాలో వేషం కూడా కట్టాడు. జట్టు వదిలేసిన మనిషిని సినిమా పట్టుకుంది. అన్న మనవరాలు గెలిచినప్పుడు చేసేది కూడా ఆ గడ్డం కింద చెయ్యే. ఆటను సినిమా ఇంతగా ముద్దు చేయడం నాకు నచ్చుతుంది, దాచుకోను.

సినిమా చేసిన ఇంకో మేలు అన్న నోటి నుంచే వచ్చింది. "మొన్న పిల్ల ఫోన్ల మైదాన్ సినిమా పెట్టింది తమ్మీ. ఏడుపాగలే. గా రహీం సాబ్ మన హైదరాబాదోడట! ఇన్నేండ్లు నాకెవ్వడు జెప్పలే."

సయ్యద్ అబ్దుల్ రహీం. బడిలో పాఠాలు చెప్పిన మనిషి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది ఆయన చేతుల్లోనే. కానీ ఆయన బతుకులో అసలు రోజు 1962 సెప్టెంబరు 4, జకార్తా.

ఆ ఆసియా క్రీడలకు ఇండోనేషియా ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ రానివ్వలేదు. వీసాలు ఇవ్వలేదు. వెనకాల అరబ్ దేశాల ఒత్తిడి, చైనా ఒత్తిడి. మన దేశానికి చెందిన క్రీడాధికారి సోంధీ అది అన్యాయమన్నాడు, వీటిని ఆసియా క్రీడలని ఎలా అంటామన్నాడు. ఆయన న్యాయమే మాట్లాడాడు, మూల్యం చెల్లించింది మాత్రం ఆటగాళ్లు. జకార్తాలో జనం భారత రాయబార కార్యాలయం మీద పడ్డారు. మరునాడే ఫుట్‌బాల్ ఫైనల్. లక్ష మంది పట్టే స్టేడియం. మన జాతీయ గీతం వినిపిస్తుంటే ఎగతాళి కేకలు. ఎదురుగా దక్షిణ కొరియా, లీగ్ మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన జట్టు. జర్నైల్ సింగ్ తలకు కుట్లు. రహీం ఆయన్ను రక్షణ వరస నుంచి తీసి ముందుకు పంపించాడు. పీకే బెనర్జీ ఒక గోల్, ఆ జర్నైల్ సింగ్ ఒక గోల్. 2-1. ఆ గుంపులో మనవాళ్ల కోసం గొంతు చించుకున్నది ఎవరో తెలుసా? పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు.

రహీం సాబ్‌కు అప్పటికే క్యాన్సర్. 1963 జూన్‌లో పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు. ఇంతటి మనిషి పేరు తెల్లాపూర్‌లో పుట్టిన అరవై ఏళ్ల మనిషికి తెలియడానికి 2024లో ముంబైవాళ్లు హిందీలో సినిమా తీయాల్సి వచ్చింది. మన పాఠ్యపుస్తకం చేయాల్సిన పని అది.

చీకటి పడుతోంది. వదిన దీపం పెట్టి, మాకు రెండు గ్లాసుల చాయ్ గోడ మీద పెట్టి వెళ్లింది. మాటలు ఈమధ్య సంగతుల మీదకు మళ్లాయి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ కార్లు పరుగెత్తాయి. ప్రభుత్వం మారింది, 2024లో జరగాల్సిన రెండో రేసు రద్దయింది, డిసెంబరుకల్లా డబ్బు చెల్లింపుల మీద ఏసీబీ కేసు పెట్టింది. 2025 డిసెంబరు 13న ఉప్పల్‌కు మెస్సీ వచ్చాడు, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆయనతో కలిసి బంతి ఆడారు. మా కాలనీ నుంచే నాలుగు కార్లు కదిలాయి. అదే అంతకుముందు, 2024 సెప్టెంబరులో సిరియా, మారిషస్ జట్లు వచ్చి మన గచ్చిబౌలిలో భారత జట్టుతో నిఖార్సైన అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడితే, మా వీధిలో ఆ మాటే వినబడలేదు. సిరియా చేతిలో 3-0తో ఓడిపోయాం. ఆ ఓటమి చూడ్డానికైనా మనం వెళ్లాల్సింది. నేనూ వెళ్లలేదు, అందుకు ఇప్పుడు బాధపడుతున్నాను.

"ఎవ్వరొస్తే ఏంది తమ్మీ, ఎవ్వరు వోతే ఏంది" అన్నాడు అన్న, చాయ్ గ్లాసు కింద పెట్టి. "లైట్లు బందయినంక పొల్లగాండ్లను లోపలికి రానిస్తరా లేదా, గదే నేనడిగేది."

ఆయన అడిగింది ఊరికే కాదు. మన చుట్టూ ఉన్న టవర్లలో ఒక్కొక్కదానికీ లోపల రెండు మూడు కోర్టులున్నాయి, గేటు దగ్గర వేలిముద్ర పెట్టాలి. బయట ఉన్న ఊరి పిల్లలకు ఖాళీ జాగా లేదు. అన్న మనవరాలు గోడ పక్కన సందులో ఆడుతుంది, అందుకే కాక్ నా కరివేపాకులో పడింది. డబ్బాకు పన్నెండు కాక్‌లు. గట్టిగా ఆడితే ఒక పూటకు మూడు నాలుగు పోతాయి. అందుకే ఈకలు విరిగిన కాక్‌ను కూడా అడిగి తీసుకెళ్తారు. కోచింగ్ ఫీజు కోసం అన్న నిరుడు రెండు బర్రెలు అమ్మాడు. ఆ మాట ఆయన చెప్పలేదు, వదిన మా ఆవిడతో చెప్పింది.

కాబట్టి మన కార్పొరేటర్లకూ, ఎమ్మెల్యేలకూ, అపార్ట్‌మెంట్ సంఘాల పెద్దలకూ ఈ గోడ దగ్గర నుంచే ఒక్క విన్నపం. వారానికి రెండు సాయంత్రాలు మీ కోర్టుల గేట్లు ఊరి పిల్లలకు తెరవండి. ఎంతమంది పిల్లలొస్తారో, నీళ్లెలా, దీపాలెలా అన్నది కూర్చుని మాట్లాడుకుందాం, నేనూ వస్తాను.

కాక్ ఇచ్చేశాను. పిల్ల విరిగిన ఈకలు రెండూ మెల్లగా పీకి, చీలినదాన్ని వేలితో సవరించి, ఒకసారి గాల్లోకి కొట్టి చూసుకుంది. కాస్త వంకరగా పోయింది. "రేపటికి నడుస్తది తాతా" అంది.

ఆదివారం పొద్దున ఎనిమిదికి గచ్చిబౌలి ఇండోర్‌లో మ్యాచ్‌లు మొదలవుతాయి. టికెట్ లేదు. అన్న, వదిన, మా ఆవిడ, నేను పై వరసలో కూర్చుంటాం. చుట్టుపక్కల ఉంటే మీరూ రండి.